ఎవరు వేయించిన బల్ల?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను, ఏమనుకోకండి. గ్రంథాలయ వార్షికోత్సవం కదా, ఇటలీ యాత్ర విశేషాలు చెప్పమన్నారు. రోమ్, వెనిస్ గురించి యూట్యూబ్‌లో కావలసినంత ఉంది. నేను ఒక్క రాయి గురించి చెప్పి దిగిపోతాను.

మా అబ్బాయి మిలాన్‌లో చదువుతున్నాడు. అక్కడికి ఉత్తరాన, రైలెక్కితే గంట దూరంలో కోమో. బ్యాటరీ కనిపెట్టిన వోల్టా పుట్టిన ఊరు. వెళ్లినవాళ్లంతా సరస్సు దగ్గర ఫొటోలు దిగుతారు, మేమూ దిగాం. ఆ ఊరి శివారు పేరు ప్రెస్టినో. 1966లో అక్కడ ఒక పొడవాటి రాతి పలక బయటపడింది, నాలుగు మీటర్లకి కాస్త తక్కువ. చూడ్డానికి మెట్టులా ఉంటుంది. ఇప్పుడు కోమో పురావస్తు మ్యూజియంలో ఉంది. దాని మీద ఆరే ఆరు మాటలు, సుమారు 2500 ఏళ్ల నాటివి. రోమన్లు అక్కడికి రాకముందు ఉన్న లెపోంతిక్ అనే భాష, అంటే ఐర్లండ్ వాళ్ల భాషకి దూరపు చుట్టం.

చదువుతాను, నవ్వకండి. ఉవమొకొజిస్ ప్లియలెథు ఉవ్ల్‌తియవియొపొస్ అరివొనెపొస్ సితెస్ తెతు.

సంస్కృతం చదువుకున్నవాళ్లు ఇక్కడ ఉన్నారు, మీకోసం చెబుతున్నా. ఆ లిపిలో త, ద లకి ఒకటే అక్షరం, ప, బ లకీ ఒకటే, తమిళంలో లాగా. కాబట్టి తెతు అంటే దెదు, మన 'దదౌ', ఇచ్చాడు. చివర వచ్చే పొస్ అసలు బొస్, బళ్లో బట్టీపట్టిన 'రామేభ్యః' లో భ్యః అదే, ఫలానావాళ్లకి అని. మొదటి మాటలో ఉవమ, వేదంలోని 'ఉపమ'. పోలిక అనే ఉపమ కాదండోయ్, అన్నిటికంటే పైనున్నది అని. లెపోంతిక్, ఐరిష్ రెండూ కెల్టిక్ అనే కుటుంబం భాషలు, వాటిల్లో ఆ పాత ప నిలవలేదు, పితృ శబ్దం ఐరిష్‌లో 'అథిర్' అయిపోయింది. కొజిస్ అంటే అతిథి. అన్నీ కలిపితే గొప్ప అతిథులున్న ఫలానా ఆయన, ఫలానా వాళ్లకి, సితెస్ ఇచ్చాడు. పుచ్చుకున్నవాళ్లెవరో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

సితెస్ అంటే ఆసనాలు అని ఎక్కువమంది అంటారు, దిబ్బలు అనేవాళ్లూ ఉన్నారు. నేను ఆసనాల పార్టీ. కూర్చోవడం అనే 'సద్' ధాతువు అది. సదస్సు, పరిషత్తు అందులోంచే వచ్చాయి. మీరిప్పుడు కూర్చున్న కుర్చీల వెనక దాత పేరు రాసుంది, తిరిగి చూసుకోండి. అదే ఈ శాసనం! రాజు లేడు, యుద్ధం లేదు, బల్ల వేయించినాయన పేరు.

అక్కడ నిలబడితే నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. ఇక్కడినుంచి యాత్ర లేదు, క్షమించాలి. నేను ఆరో తరగతిలో ఉండగా మన పాత బస్టాండు దగ్గర తాతయ్య సిమెంటు బెంచీ వేయించాడు. తడి సిమెంటు మీద మేకుతో తనే రాశాడు, మా నాయనమ్మ జ్ఞాపకార్థం ఆమె భర్త వేయించినది అని. 'జ్ఞాపకార్థం' లో ఒత్తు తప్పు రాశాడు, జీవితాంతం దాని మీదే కూర్చుని దాన్ని దాచాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు జేసీబీతో కొట్టేశారు. ఒక్కమాట ముందు చెప్పి ఉంటే ఇద్దరు మనుషుల్ని పెట్టి లేపించి మా అరుగు మీదికి చేర్చుకునేవాళ్లం. అడిగితే 'సిమెంటు బెంచీయే కదండీ' అన్నారు. ప్రెస్టినోలో మాత్రం మెట్టు లాంటి రాయే కదా అని పారేయలేదే!

టైమైందని చీటీ వచ్చింది. చివరిగా ఒక్కటి అడుగుతాను. ఆ రోజుల్లో పెళ్లివాళ్లు బస్సెక్కే ముందు అక్కడ ఆగి ఫొటోలు దిగేవాళ్లు. మీ ఇళ్లలో పాత ఆల్బంలు ఉంటే తిరగేయండి. వేపచెట్టు కింద ఎడమవైపు పొట్టి బెంచీ, ఒక చివర మూల విరిగి ఉంటుంది. అక్షరాలు కనపడకపోయినా పర్లేదు, నాకు కబురు చేయండి, నేనే వచ్చి చూసుకుంటాను.