మల్టీమీటర్ వీడియో తీస్తున్నారా? ముందు ఫ్రేము చూసుకోండి

నమస్కారం. ఈరోజు వోల్టేజ్, కరెంట్ లాంటివి కొలిచే మల్టీమీటర్ వాడటం నేర్పడం లేదు. దాన్ని నేర్పే చిన్న వీడియో ఎలా తీయాలో చూద్దాం. మూడు నిమిషాలు చాలు, అందులో ఒకే ఒక్క కొలత. వోల్టేజ్, కరెంట్, రెసిస్టెన్స్ అన్నీ ఒకేసారి కుక్కితే చూసేవాళ్లకు ఏదీ గుర్తుండదు.

నా మొదటి వీడియోలో 9 వోల్టుల బ్యాటరీని కొలిచి చూపించాను. బాగానే వచ్చిందనుకుని మా తమ్ముడి కొడుక్కి చూపిస్తే, వాడు అంతా చూసి "పెదనాన్నా, ఎర్ర వైరు ఏ రంధ్రంలో పెట్టావు?" అన్నాడు. తీరా చూస్తే మీటర్ కింది సగం ఫ్రేములో లేనే లేదు!

అందుకే డిస్‌ప్లే, డయల్, సాకెట్లు, ప్రోబ్ (కొలిచేచోట ఆనించే వైరు) మొనలు, ఈ నాలుగూ ఒకే ఫ్రేములో ఉండాలి. ప్రోబ్ చూపించి, కట్ చేసి, తర్వాత డిస్‌ప్లే చూపిస్తే ఆ అంకె ఎక్కడిదో నమ్మకం కుదరదు. మొన తగలగానే అంకె మారడం కళ్లారా కనిపించాలి.

[భుజం మీదుగా షాట్]

ఫోన్‌ని మీకు ఎదురుగా పెట్టకండి, అంతా తలకిందులుగా కనిపిస్తుంది. మీ కళ్లు ఎటునుంచి చూస్తున్నాయో కెమెరా కూడా అటునుంచే చూడాలి. లైటు సరిగ్గా పైన ఉంటే డిస్‌ప్లే అద్దం మీద తెల్లగా మెరుస్తుంది, అంకె కనపడదు. లైటును పక్కకు జరపండి, మీటర్‌ని కాస్త వాల్చండి. చాలా ఫోన్లలో స్క్రీన్ మీద మీటర్ ఉన్నచోట వేలు నొక్కి ఉంచితే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. లేకపోతే చెయ్యి లోపలికి వచ్చిన ప్రతిసారీ బొమ్మ వెలిగి ఆరినట్టు ఉంటుంది. రెసిస్టర్ విలువ చెప్పే రంగు గీతలు చూపించేటప్పుడు మాత్రం తెల్లని వెలుతురే కావాలి. పసుపు లైటులో ఎరుపేదో నారింజేదో తేల్చుకోలేం.

[మీటర్ క్లోజప్]

ఇక మాటలు. "నల్ల ప్రోబ్ కామ్ (COM) అని రాసి ఉన్న సాకెట్‌లో. ఎర్రది వి అని రాసి ఉన్న సాకెట్‌లో. బ్యాటరీ 9 వోల్టులది, కాబట్టి డయల్ డీసీ 20 వోల్టుల దగ్గర. ఎంత వస్తుందో ముందే అనుకోండి." ఇక్కడ రెండు సెకన్లు ఆగండి. తర్వాతే ప్రోబ్ ఆనించండి. రీడింగ్ నిలబడేదాకా నోరు మెదపకండి. నాకు అదే కష్టం!

ఇంకో కొలత చూద్దాం. ఒక్కోటి ఒక మెగా ఓమ్ (పది లక్షల ఓమ్‌లు; ఓమ్ అంటే రెసిస్టెన్స్ కొలమానం) ఉన్న రెండు రెసిస్టర్లను వరసగా కలిపి, సరిగ్గా 9 వోల్టులు ఇచ్చారనుకుందాం. వాటిలో ఒకదాని మీద కొలిస్తే 4.5 వోల్టులు రావాలి. మీటర్ 4.3 దగ్గర చూపిస్తుంది. చాలామంది తప్పు జరిగిందనుకుని ఆ టేక్ పారేస్తారు. పారేయకండి, మీ దగ్గరున్న మంచి వీడియో అదే. చాలా డిజిటల్ మీటర్లకు లోపల 10 మెగా ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. మీరు ప్రోబ్ పెట్టిన రెసిస్టర్‌కు అది పక్కన సమాంతరంగా చేరి, ఒక మెగా ఓమ్‌ను దాదాపు 0.91కి దించేస్తుంది. అంటే కొలవడానికి వెళ్లిన మీటరే సర్క్యూట్‌ను మార్చేసిందన్నమాట. వెంటనే 10 కిలో ఓమ్ రెసిస్టర్లు పెట్టి మళ్లీ కొలవండి, ఈసారి 4.5 పక్కనే వస్తుంది. రెండు రీడింగులూ పక్కపక్కన చూపిస్తే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. అంతకుముందు కరెంట్ కొలిచి ఉంటే ఎర్ర ప్రోబ్ ఇంకా 10 ఆంపియర్ల సాకెట్‌లోనే ఉండొచ్చు. అలాగే బ్యాటరీకి ఆనిస్తే షార్టే. ప్రతి టేక్ ముందు సాకెట్లు చూసుకోండి. గోడ ప్లగ్గు జోలికి మాత్రం ఈ వీడియోల్లో వెళ్లొద్దు.

ఎడిటింగ్ అయ్యాక సౌండ్ తీసేసి ఎవరికైనా చూపించండి. ఏది కొలిచారో, డయల్ ఎక్కడుందో, ఎంత వచ్చిందో వాళ్లు చెప్పగలగాలి. పోయినసారి మావాడు డయల్ దగ్గర ఆగిపోయాడు. నా బొటనవేలు అడ్డం వచ్చింది మరి. మళ్లీ తీశాను.