ఒకే కోడ్, రెండు బిళ్లలు: ట్రాకబుల్‌కు నకలు ఎప్పుడు పంపవచ్చు?

[దృశ్యం: బల్ల మీద పక్కపక్కనే రెండు లోహపు బిళ్లలు. కోడ్‌లో మొదటి రెండు అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి. మిగతావి వేలితో కప్పి ఉన్నాయి.]

జియోక్యాషింగ్ అనే ఆటలో చేతులు మారుతూ ఊళ్లు తిరిగే వస్తువులను ట్రాకబుల్స్ అంటారు. వాటికి కట్టే బిళ్లలివి. ఈ రెండు బిళ్లల మీద చెక్కిన కోడ్ ఒక్కటే. రెండూ అసలైనవే, ఒకే ప్యాకెట్‌లో కలిసి వచ్చినవే. అయినా వీటిలో ఒకటి ప్రయాణంలో ఉన్నంతకాలం రెండోది యజమాని దగ్గరే ఉండాలి. ఎందుకు ఉండాలి, ఎప్పుడు బయటికి పంపవచ్చు, పంపే హక్కు ఎవరిది అన్నది ఈ వీడియోలో చూద్దాం.

జియోక్యాషింగ్ గురించి ఇప్పుడే వింటున్నవారి కోసం ముందుగా కొంత నేపథ్యం. జీపీఎస్ సంకేతాల్లో సామాన్య పౌరులకు స్థానం సరిగ్గా తెలియకుండా కావాలని కలిపిన తేడాను అమెరికా ప్రభుత్వం 2000 మే 2న తొలగించింది. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్‌ను దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించారు. ఆట అక్కడే మొదలైంది. ఒకరు దాచిన డబ్బాను మరొకరు జీపీఎస్ సాయంతో వెతికి పట్టుకోవడమే ఈ ఆట. డబ్బా దొరికినవారు లోపలి పుస్తకంలో పేరు రాసి, దాన్ని ఉన్నచోటే మళ్లీ దాచిపెడతారు.

[దృశ్యం: చిన్న ప్లాస్టిక్ తాబేలు. దాని కాలికి గొలుసుతో కట్టిన బిళ్ల.]

డబ్బా ఉన్నచోటి నుంచి కదలదు. కదిలేవి ట్రాకబుల్స్. వాటిలో ఎక్కువగా కనిపించేది ట్రావెల్ బగ్. సైనికులు మెడలో వేసుకునే గుర్తింపు బిళ్లలాంటి దాన్ని ఒక బొమ్మకు కట్టి, ‘దీన్ని సముద్రం దాకా చేర్చండి’ అని ఏదో ఒక లక్ష్యం పెట్టి, ఒక డబ్బాలో వదులుతారు. ఎవరో తీసుకుంటారు, మరో డబ్బాలో వేస్తారు. తీసుకున్నప్పుడూ వేసినప్పుడూ జియోక్యాషింగ్ వెబ్‌సైట్‌లో ఆ సంగతి నమోదు చేస్తారు, దీన్నే లాగ్ రాయడం అంటారు. బొమ్మ పేజీలో పటం మీద గీత పెరుగుతూ పోతుంది.

ఆ పేజీని కాస్త గమనించండి. ‘టీబీ’ అక్షరాలతో మొదలయ్యే నంబరు అందరికీ కనిపిస్తుంది. బిళ్ల మీద చెక్కిన ట్రాకింగ్ కోడ్ అది కాదు. ఈ రెండో కోడ్ రహస్యం. దాన్ని కొట్టగలిగారంటే ఆ వస్తువును మీరు చూశారని వెబ్‌సైట్ నమ్ముతుంది. లోహం, ఆకారం, రంగు దేన్నీ అది పరీక్షించలేదు. అంటే ట్రాకబుల్‌కు నకలు తీయడానికి ఏ పనితనమూ అక్కర్లేదు, కోడ్ తెలిస్తే చాలు. బిళ్లను ఫొటో తీసేటప్పుడు కోడ్ మీద వేలు పెట్టమని ఈ ఆటలో పాతవారు పదేపదే చెప్పేది అందుకే. లాగ్‌లో కూడా ఆ కోడ్ రాయకూడదు.

ఇక ఒకే కోడ్‌తో రెండు వస్తువులు ఒకేసారి తిరిగితే ఏమవుతుందో చూద్దాం. ఈ వీడియోలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే.

[దృశ్యం: ఐరోపా పటం. లిస్బన్ దగ్గర ఒక చుక్క, హెల్సింకి దగ్గర ఒక చుక్క.]

తాబేలు లిస్బన్‌లో ఒకరి చేతిలో ఉందనుకోండి. తీసుకున్నట్టు వారు లాగ్ చేశారు, కాబట్టి వెబ్‌సైట్ లెక్కలో అది వారి దగ్గరుంది. అదే కోడ్ ఉన్న నకలు హెల్సింకిలో ఒక డబ్బాలో మరొకరికి దొరికింది. వారు కోడ్ కొట్టగానే ‘ఇది ఫలానావారి దగ్గరుంది’ అని కనిపిస్తుంది. ముందువారు లాగ్ చేయడం మరిచిపోయారేమో అనుకుని, తమ పేరు మీదికి లాక్కుంటారు. ఈ ఆటలో దీన్ని గ్రాబ్ అంటారు. తప్పేమీ కాదు, నిజంగా మరిచిపోయేవారి కోసం ఉన్న సదుపాయమే.

మరుసటి వారం లిస్బన్‌లోని వ్యక్తి తాబేలును ఒక డబ్బాలో వేసి లాగ్ చేయబోతారు. జాబితాలో తాబేలు లేదు! చేతిలో ఉన్న వస్తువు తన పేరు మీద లేదు. వారూ గ్రాబ్ చేసి డబ్బాలో వేస్తారు. ఆ తర్వాత హెల్సింకి వ్యక్తికీ ఇదే ఇబ్బంది.

[దృశ్యం: రెండు చుక్కల మధ్య గీత అటూ ఇటూ తిరుగుతూ ముద్దగా మారుతుంది.]

వెబ్‌సైట్ దృష్టిలో ఒక ట్రాకబుల్ ఒక సమయంలో ఒకచోటే ఉండగలదు: ఒక డబ్బాలో లేదా ఒకరి దగ్గర. అందుకే డబ్బా మారిన ప్రతిసారీ దాన్ని ప్రయాణంగా లెక్కిస్తుంది. లిస్బన్ నుంచి హెల్సింకికి నేరుగా కొలిస్తే దాదాపు 3,360 కిలోమీటర్లు. ఒకసారి పోయి వస్తే 6,700 పైమాటే. బొమ్మ అడుగు కదలకుండానే దూరం వేలల్లో పెరిగిపోతుంది. దూరం అంకె చెడిపోవడం నన్ను అంతగా బాధపెట్టదు. ఏ మనిషి చేతి నుంచి ఏ మనిషి చేతికి వెళ్లిందన్న కథ చెడిపోవడమే అసలు నష్టం. ఎవరో తమ పిల్లల కోసం వదిలిన బొమ్మ అది. ఆ గీతను చూడటానికే వాళ్లు రోజూ పేజీ తెరుస్తారు.

మరి ప్యాకెట్‌లో రెండో బిళ్ల ఎందుకు ఇస్తారు? పోయినప్పుడు వాడుకోవడానికి. ట్రాకబుల్స్ చాలా పోతుంటాయి: డబ్బా వరదలో కొట్టుకుపోతుంది, తీసుకున్నవారు ఆట మానేస్తారు, విషయం తెలియనివారు బొమ్మ బాగుందని ఇంటికి పట్టుకుపోతారు. అలాంటప్పుడు యజమాని చివరగా తీసుకున్నవారికి మర్యాదగా ఒక సందేశం రాయాలి, కొన్ని నెలలు ఓపిక పట్టాలి, ఆశ వదులుకున్నాక పేజీలో అది తప్పిపోయినట్టు గుర్తించాలి. ఆ తర్వాత రెండో బిళ్లను కొత్త బొమ్మకు కట్టి, పాత పేజీ మీదే ప్రయాణం కొనసాగించవచ్చు. ‘మొదటి తాబేలు పోయింది, ఇది రెండోది’ అని పేజీలో ఒక వాక్యం రాస్తే తీసుకునేవారికి అయోమయం ఉండదు.

జియోకాయిన్‌ల సంగతి వేరు. ఇవి కోడ్ చెక్కిన, అందంగా ముద్రించిన నాణేలు. సేకరించేవారికి వీటి మీద మోజు ఎక్కువ, డబ్బాలో పెడితే మాయమయ్యే అవకాశమూ ఎక్కువే. అందుకని కొందరు యజమానులు నాణేన్ని తమ దగ్గరే ఉంచుకుని, దాని చిత్రం, కోడ్, లక్ష్యం ముద్రించి ల్యామినేట్ చేసిన కార్డును పంపుతారు. దీన్ని ప్రాక్సీ అంటారు. మెరిసే నాణేన్ని చూడాలని డబ్బా తెరిచినవారికి కార్డు కనిపిస్తే కొంత నిరాశగానే ఉంటుంది. అయినా నేను ప్రాక్సీ వైపే నిలబడతాను. తిరుగుతున్నది కార్డు ఒక్కటే, దాన్ని పంపింది యజమాని, అది ప్రాక్సీ అని దాని మీదే రాసి ఉంది. ఇందులో మోసపోయింది ఎవరూ లేరు. అదే యజమాని అసలు నాణేన్ని జియోక్యాషర్ల సమావేశానికి తెచ్చి చూపించినా ఇబ్బంది లేదు. చూసినవారు డిస్కవర్ అని లాగ్ చేస్తారు. దాంతో ట్రాకబుల్ స్థానం మారదు, దూరం పెరగదు. కార్ల అద్దాల మీద, చొక్కాల మీద వేసుకునే కోడ్‌లు ఉన్నదీ ఈ డిస్కవర్ కోసమే.

దొరికినవారు సొంతంగా నకలు తీయడాన్ని మాత్రం నేను ఏ విధంగానూ సమర్థించలేను. బిళ్లను ఫొటో తీసుకుని, అలాంటిదే ఇంకొకటి చేసి వదలడం, చూడని ట్రాకబుల్స్ కోడ్‌ల జాబితాలు పంచుకుని, కుర్చీలో కూర్చుని వందల కొద్దీ డిస్కవర్ కొట్టడం రెండూ ఒక కోవకే చెందుతాయి. అలాంటి లాగ్‌లను తొలగించే హక్కు యజమానికి ఉంది, తొలగించాలి కూడా.

[దృశ్యం: అంగారకుడి నేల మీద రోవర్.]

ఫొటో చూసి డిస్కవర్ చేయమని పంపినవారే ఆహ్వానించిన ట్రాకబుల్ ఒకటుంది. 2021 ఫిబ్రవరి 18న అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవర్‌లో, షెర్లాక్ అనే పరికరాన్ని సరిచూసుకునే పలక మీద జియోక్యాషింగ్ కోడ్ ఉంది. రోవర్ కెమెరా పంపిన చిత్రాల్లో వెతికి ఆ కోడ్ చదవాలి. అక్కడ కూడా వెతకడం, చూడటం ఉన్నాయి. ఎవరో పంచిన జాబితాలోంచి ఎత్తి రాయడం వేరు.

చివరగా, చాలామంది యజమానులను తికమక పెట్టే పరిస్థితి ఒకటుంది. రెండో తాబేలు దేశాలు తిరుగుతుండగా, ఏళ్ల తర్వాత మొదటి తాబేలు ఎవరికో దొరికింది! అప్పుడు దాన్ని దొరికించుకున్నవారిని లాగ్ చేయకుండా తమ దగ్గరే ఉంచమని వెంటనే అడగండి. కోడ్ రెండోదాని దగ్గరే ఉండనివ్వండి, ఎందుకంటే ఇటీవలి ప్రయాణమంతా దానిదే. మొదటిదాన్ని వెనక్కి తెప్పించుకోవచ్చు. తెప్పించడం కష్టమైతే, కొత్త కోడ్ ఉన్న మరో ట్రావెల్ బగ్ కొని, బిళ్లను వారికి పంపి, పాతది తీసేసి ఇది కట్టమని కోరండి. తీసేసిన పాత బిళ్లను కవరులో మీకు పంపమనండి. కొత్త పేజీలో పాత పేజీకి లింకు పెడితే, ఇది ఎక్కడ పోయిందో, ఎన్నాళ్లకు దొరికిందో తర్వాత తీసుకునేవారు కూడా చదువుకుంటారు.