చంకలో లాక్, ఊరంతా వెతుకులాట

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే.

ఆ మధ్య ఒక బోర్డు నన్ను నాలుగు రోజులు ఏడిపించింది. దాని మీద లినక్స్, దాని మెసేజీలు చూడడానికి దాన్నుంచి నా ల్యాప్‌టాప్‌కి ఒక సీరియల్ కేబుల్. రోజుకోసారి క్రాష్ అయ్యేది. క్రాష్ అయితే అయింది, ఒక్క అక్షరం కూడా రాకుండా బిగుసుకుపోయేది. అదీ నా టెన్షన్.

తర్వాత తెలిసింది ముందే చెప్పేస్తాను. పోర్టుకు ఒక అక్షరం వచ్చింది. అలా వచ్చినప్పుడు నడిచే కోడ్, అంటే ఇంటరప్ట్ హ్యాండ్లర్, పోర్టు స్పిన్‌లాక్ తీసుకుని (దొరికేదాకా అక్కడే తిరుగుతూ ఎదురుచూడాల్సిన తాళం అది) ఒక ఫంక్షన్‌ని పిలిచింది. ఆ ఫంక్షన్ నల్ పాయింటర్‌ని, అంటే ఏ చోటునీ చూపని చిరునామాని, ముట్టుకుంది. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ ఆ సంగతి చెప్పాలంటే అదే పోర్టు కావాలి, అదే లాక్ కావాలి. లాకేమో ఈ పనంతా చేస్తున్న ప్రాసెసర్ కోర్ చేతిలోనే ఉంది! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అది అక్కడే తిరుగుతూ ఉండిపోయింది.

లాకులు ఒకే వరసలో తీసుకోండి, డెడ్‌లాక్, అంటే ఎప్పటికీ తీరని ఎదురుచూపు, రాదు అని క్లాసులో చెబుతారు. ఇక్కడున్నదే ఒక్క లాక్, వరసేం చేస్తుంది? ఇంకో రకం కూడా ఉంది. ఎక్స్86 ప్రాసెసర్లలో పానిక్ అయిన, అంటే ఇక నడవలేనని చేతులెత్తేసిన, కోర్ మిగతావాటిని ఆపేస్తుంది. మామూలు ఇంటరప్ట్‌కి ఆగని కోర్‌కి ఎన్ఎమ్ఐ, అంటే మామూలుగా అడ్డుకోలేని ఇంటరప్ట్, పంపుతుంది. అలా ఆగిపోయిన కోర్ దగ్గర లాక్ ఉంటే, ఇక వదిలేవాడు లేడు.

లినక్స్‌లోని 8250 సీరియల్ డ్రైవర్ రాసే ముందు ఊప్స్, అంటే కెర్నల్ తన తప్పును బయటపెట్టే పని, నడుస్తోందా అని చూసుకుంటుంది. లేకపోతే లాక్ కోసం ఆగుతుంది. నడుస్తుంటే ట్రైలాక్‌తో ఒక్కసారి అడిగి, దొరక్కపోయినా రాసేస్తుంది. మొదటిసారి చూసి ఇదేం మోటు పని అనుకున్నాను. అక్షరాలు గజిబిజి అవ్వచ్చు, కానీ అసలు రాకపోవడం కన్నా నయం కదా. హార్డ్‌వేర్ అక్షరాలు పంపేదాకా కూడా అది ఒక్కోసారి 10 మిల్లీసెకన్ల వరకే చూస్తుంది. మా బోర్డు డ్రైవర్‌లో ఆ ఊప్స్ షరతు లేదు.

2020లో వచ్చిన 5.10 కెర్నల్‌తో మెసేజీల బఫర్‌కి లాక్ అవసరం లేని కొత్త డిజైన్ తెచ్చారు. కొత్త ఎన్‌బీకాన్ పద్ధతిలో పానిక్ అయిన కోర్ కన్సోల్‌ని, అంటే మెసేజీలు బయటికి వెళ్లే దారిని, లాక్కోవచ్చు. హార్డ్‌వేర్‌ని సగంలో వదలకూడని చోట్లు ఏవో డ్రైవరే ముందు చెప్పాలి. నాకు ఇదే నచ్చింది.

ఆ షరతు చేర్చిన మర్నాడు మళ్లీ క్రాష్. ఈసారి మొదటి లైను చిందరవందరగా, మిగతాదంతా శుభ్రంగా వచ్చింది. నల్ పాయింటర్. ఫంక్షన్ పేరు చూస్తే, నేను రాసిందే.