దున్నకుండ మక్క పెడితే చలి ఎక్కడ పట్టుకుంటది?

తమ్ముడు: అక్కా, అమెరికాల మిన్నెసోటా దిక్కు దున్నకం తగ్గిస్తే మక్క దిగుబడి పడిపోతదని రైతులు జంకుతరు. మన నల్లగొండల వరి కోసి, దున్నకుండనే మక్క పెడుతున్నరు. ఏది నిజం?

అక్క: రెండూ నిజమే. అక్కడ ఏప్రిల్ ఆఖర్ల, మే మొదట్ల విత్తుతరు. అప్పటికి భూమి ఇంకా సల్లగనే ఉంటది. 10 డిగ్రీల లోపుంటే మక్క గింజ కదలదు. దున్నని చేన్ల పాత చొప్ప పరుచుకొని ఎండను తాకనియ్యది, తడిని ఆరనియ్యది. మొలక లేటయితే పూత లేటు, గింజ ముదిరే లోపే మంచు పడుతది. నీళ్లు నిలిచే బరువు నేలల్ల ఈ దెబ్బ ఎక్కువ, నీరు ఇంకే నేలల్ల అంతుండది.

తమ్ముడు: అంటే తప్పు దున్నకపోవుడుది కాదు, చొప్పది.

అక్క: సాలు మీద చొప్పది. అందుకే సాలు పడే చోట జానెడు వెడల్పే కదిలిస్తరు, నడుమ జాగ ముట్టరు. దాన్నే స్ట్రిప్ టిల్ అంటరు. ఇంకో పద్ధతి, విత్తే మిషన్ ముందర పళ్లున్న ఇనుప చక్రాలు బిగిస్తే అవే చొప్పను పక్కకు ఊడుస్తయి. అయితే పచ్చి తడిల మిషన్ తోలొద్దు. గింజ పడే గాడి గోడలు అద్దమోలె నున్నగయితయి, ఆరినంక గట్టిపడతయి, వేరు పక్కకు పోలేదు. గింజ లోతుల మట్టి తీసి వేళ్ల నడుమ ఒత్తాలె. పట్టీలెక్క సాగితే ఆగాలె, పొడిగ రాలితే విత్తుకోవాలె.

తమ్ముడు: మరి మన దిక్కు?

అక్క: మనకు మొలకకు చలి అడ్డం కాదు, డిసెంబర్, జనవరి రాత్రులతోనే తిప్పలు. నవంబర్ 15 దాటినంక పెడితే చలి లేత మొక్కకు తగులుతది. మిషన్‌తోని వరి కోసినంక వరుసలుగ పడ్డ గడ్డిని చెదరగొట్టాలె, లేకుంటే దాని కింద మొలక పాలిపోతది. ఎకరానికి 8 కిలోల విత్తనం, సాళ్ల నడుమ 60, మొక్కల నడుమ 20 సెంటీమీటర్లు.

తమ్ముడు: చలిల ఆకులు ఊదారంగుకు తిరుగుతయి కదా?

అక్క: ఆ, భూమిల భాస్వరం ఉన్నా సల్లటి వేరు గుంజుకోలేదు. అప్పుడు పైన భాస్వరం ఉండే డీఏపీ ఎరువు చల్లుతరు, దండుగ! భాస్వరం కదలదు, పైన పడ్డది పైననే ఉంటది. విత్తేటప్పుడే గింజకు 5 సెంటీమీటర్లు పక్కన, 5 సెంటీమీటర్లు కింద పడాలె. గింజ గుంతలనే పోస్తే మొలక మాడుతది. ఊదారంగు మాత్రం ఎండ ముదిరి వేరు పారినంక చానా చేన్లల్ల దానంతటదే పోతది. పసుపు తిరిగితే వేరే కత. గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నత్రజని తింటున్నట్టు. యూరియా మొదటి దఫా ముందుకు జరపాలె, అదీ నేల పదును చూసి.