మూడు డౌన్ల ఆటకు మనిషిని వెతకడం

అందరికీ నమస్కారం.

నేను ఫుట్‌బాల్ అన్నప్పుడల్లా కాలితో తన్నే బంతి గుర్తుకు తెచ్చుకోకండి. నేను మాట్లాడేది కోలగా ఉండే బంతిని చేత్తో విసిరే ఆట గురించి. అందులోనూ కెనడా ఆట గురించి. మీలో చాలామంది ఈ దేశానికి చదువుకో, ఉద్యోగానికో వచ్చినవాళ్లు. శుక్రవారం సాయంత్రాలు టీవీలో ఈ ఆట కనిపిస్తే, ఇది అమెరికా ఆటకి చిన్న తమ్ముడేమో అనుకుని ఛానల్ మార్చేసి ఉంటారు. నేను ఏ జట్టు దగ్గరా జీతం తీసుకోను. కాలేజీ ఆటల వీడియోలు ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తూ, ఎవడు ఇక్కడ నిలబడతాడో రాసుకోవడం నాకున్న వ్యసనం. దాని గురించే ఈ ప్రసంగం.

ఈ విషయం ఎత్తగానే ఎదురయ్యే మాట ఒకటుంది: "ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చోటు దొరకనివాళ్లే కదా సీఎఫ్‌ఎల్‌కి వచ్చేది?" ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే అమెరికా లీగ్, సీఎఫ్‌ఎల్ అంటే కెనడా లీగ్. డబ్బు వైపు నుంచి చూస్తే కాదనలేం. 2025లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కొత్త కుర్రాడి కనీస జీతం 8 లక్షల 40 వేల అమెరికా డాలర్లు. ఇక్కడ కనీసం 70 వేల కెనడా డాలర్లు. ఈ తేడా చూశాక ఎవడైనా ముందు ఎక్కడ తలుపు తడతాడో చెప్పక్కర్లేదు. కానీ ఆ మాటలో ఒక అబద్ధం కూడా దాగుంది. అక్కడ మిగిలిపోయిన వాళ్లలో మొదటివాణ్ణి తెచ్చుకుంటే మన పని అయిపోతుందనుకోవడమే ఆ అబద్ధం. అలా వరసలో నిలబెట్టి ఏరుకున్న జట్లు ఏటా జూన్‌లో మొదలుపెట్టి ఆగస్టుకల్లా చేతులెత్తేస్తాయి. కెనడా ఆట అడిగే మనిషే వేరు.

ఎందుకు వేరో మైదానం నుంచే చెప్పుకోవాలి. అమెరికా మైదానం వెడల్పు 53 గజాల పైచిలుకు, ఇక్కడ 65. అంటే దాదాపు 12 గజాలు ఎక్కువ. అక్కడ జట్టుకి 11 మంది, ఇక్కడ 12. పది గజాలు ముందుకు వెళ్లడానికి అక్కడ నాలుగు డౌన్లు, అంటే నాలుగు ప్రయత్నాలు, ఇక్కడ మూడే. మూడోది చాలాసార్లు బంతిని తన్ని వదిలించుకోవడానికే పోతుంది కాబట్టి, నిజానికి చేతిలో ఉండేవి రెండు. రెండు డౌన్లలో పది గజాలు రావాలంటే మూడేసి గజాల చొప్పున తోసుకుంటూ పోవడం కుదరదు, బంతి విసరాల్సిందే. బంతి కదిలే ముందు రక్షణ వరస దానికి పూర్తిగా ఒక గజం దూరంలో నిలబడాలి. ఇక అన్నిటికంటే వింత, రిసీవర్లు, అంటే విసిరిన బంతిని అందుకునేవాళ్లు, బంతి కదలకముందే అది నిలిపిన గీత వైపు పరుగు అందుకోవచ్చు. వాగుల్ అంటారు దాన్ని. అమెరికా కాలేజీల్లో ఒక్కడు కదలొచ్చు, అదీ అడ్డంగానే. ముందుకి కదిలితే పెనాల్టీ.

ఈ నాలుగైదు తేడాలే స్కౌట్, అంటే ఆటగాళ్లని వెతికేవాడు, చదివే నోట్సుని తలకిందులు చేస్తాయి. ఆ ఒక్క గజం ఖాళీనే తీసుకోండి. రక్షణ వరసలో 330 పౌండ్ల బండరాయి లాంటివాడికి ఆ గజం శత్రువు. తేలిగ్గా, వేగంగా ఉండి మూల నుంచి దూసుకొచ్చేవాడికి అదే పరుగుకి ఊతం. కామెరాన్ వేక్‌ని చూడండి. పెన్ స్టేట్‌లో ఆడాడు. 2005లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట, ఎవరూ తీసుకోలేదు. జెయింట్స్ శిబిరంలోకి రానిచ్చి పంపేశారు. తర్వాత కొన్నాళ్లు ఇళ్ల రుణాల బ్రోకర్‌గా పనిచేశాడు. 2007లో బీసీ లయన్స్ అతణ్ణి తెచ్చుకున్నారు. శాక్ అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని విసరకముందే పడేయడం. ఆ ఏడాది 16 శాక్‌లు, మరుసటి ఏడాది 23. రెండేళ్లూ లీగ్‌లో అత్యుత్తమ రక్షణ ఆటగాడు అతనే. 2009లో మయామీ డాల్ఫిన్స్ పిలుచుకుని వెళ్లారు. ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వంద శాక్‌లు దాటాడు. కాలేజీలో లైన్‌బ్యాకర్‌గా, అంటే రక్షణ వరస వెనక, ఆడినవాణ్ణి వరస చివర నిలబెట్టి చూడాలని తోచడమే అక్కడ అసలు స్కౌటింగ్.

రిసీవర్ల దగ్గర స్టాప్‌వాచ్ ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది. 40 గజాల పరుగు నిలబడిన చోటు నుంచి కొలుస్తారు. ఇక్కడ లోపలివైపు రిసీవర్ నిలబడిన చోటు నుంచి ఎప్పుడూ మొదలుపెట్టడు. బంతి కదిలే క్షణానికి గీతని పూర్తి వేగంతో తాకాలి, ఒక్క అడుగు ముందైతే పెనాల్టీ జెండా పడుతుంది. అంటే కావలసింది పేలుడు లాంటి మొదటి అడుగు కాదు, తాళజ్ఞానం. ఇది అమెరికా కాలేజీ వీడియోలో ఎక్కడా కనిపించదు, ఎందుకంటే ఆ నియమమే అక్కడ లేదు. మరెలా పట్టాలి? నేను చూసేది ఒకటే. పూర్తి వేగంలో ఉన్నవాడు ఆగకుండా దిశ మార్చగలుగుతున్నాడా? అమెరికాలో స్థాయి మెరుగైన కొద్దీ, గీత మీద రక్షకుడి చేతుల్ని తోసేసి విడిపించుకునే బలానికి మార్కులు వేస్తారు. ఇక్కడ లోపలివైపు రిసీవర్‌కి ఆ చేతులు తగలడమే తక్కువ. ఆ బలం లేదని వదిలేసిన కుర్రాళ్లలో మనకి పనికొచ్చేవాళ్లు బోలెడు.

ఎదుటివైపు నుంచి చూసినా ఇదే కథ. పరుగెత్తుతూ వచ్చేవాణ్ణి కాపు కాయాలంటే రక్షకుడికి నడుము తేలిగ్గా తిరగాలి, కళ్లు క్వార్టర్‌బ్యాక్ మీద ఉండాలి. కాలేజీలో సేఫ్టీగా, అంటే రక్షణలో అందరికంటే వెనక, ఆడి, "లైన్‌బ్యాకర్‌కి చిన్న, అంచున రిసీవర్‌ని కాసే కార్నర్‌కి నిదానం" అనిపించుకున్నవాడు ఇక్కడ లైన్‌బ్యాకర్‌గా హాయిగా బతుకుతాడు. అంత వెడల్పు మైదానంలో లైన్‌బ్యాకర్‌కి బరువు కంటే కాళ్లు ముఖ్యం.

తన్నిన బంతి సంగతి కూడా. అమెరికాలో పంట్ అందుకునేవాడు చెయ్యి ఊపి "నన్ను కొట్టకండి" అని పట్టుకోవచ్చు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. దానికి బదులు పట్టుకునేదాకా చుట్టూ 5 గజాలు ఖాళీ వదలాలి. కాబట్టి ప్రతి పంట్‌కీ పరుగు ఉంటుంది, చిన్నగా ఉండి చేతికి చిక్కనివాడికి ఇక్కడ ఉద్యోగం ఉంటుంది. మైక్ క్లెమన్స్ ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. విలియమ్ అండ్ మేరీ కాలేజీ నుంచి వచ్చాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు కాన్సస్ సిటీ 1987లో ఎనిమిదో రౌండ్‌లో తీసుకుని కొద్దికాలమే ఉంచుకుంది. 1989లో టొరంటో వచ్చాడు, 1990లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. పిన్‌బాల్ అని ఊరంతా పిలుచుకుంది.

క్వార్టర్‌బ్యాక్‌ల దగ్గర కాస్త ఆగాలి. ఇక్కడ స్కౌటింగ్ చరిత్ర అంటే సగం ఇతరుల పక్షపాతాల చరిత్రే. చక్ ఈలీ టొలీడో విశ్వవిద్యాలయానికి 1969 నుంచి 71 దాకా ఆడాడు. 35 ఆటలు, 35 గెలుపులు. అయినా నల్లజాతి కుర్రాడు కాబట్టి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎవరూ అతణ్ణి క్వార్టర్‌బ్యాక్‌గా చూడలేదు. కెనడాలో హామిల్టన్ జట్టు చూసింది. వచ్చిన మొదటి ఏడాదే, 1972లో, హామిల్టన్‌లోనే జరిగిన గ్రే కప్, అంటే లీగ్ ఫైనల్, గెలిపించాడు. తర్వాత వారెన్ మూన్. 1978 జనవరిలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి రోజ్ బౌల్ అనే పెద్ద కాలేజీ ఆట గెలిపించి, ఆ ఆటలో ఉత్తముడనిపించుకున్నాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్లు వేరే స్థానానికి మారితే చూద్దామన్నారు. మారను అని ఎడ్మంటన్ వెళ్లాడు. 1978 నుంచి 82 దాకా వరసగా ఐదు గ్రే కప్‌లు. 1984లో హ్యూస్టన్ పిలిచింది. 2006లో ఎన్‌ఎఫ్‌ఎల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి కూడా వెళ్లాడు. ఈలీని, మూన్‌ని పట్టుకోవడానికి దివ్యదృష్టి అవసరం లేదు. ఆట చూసి, కనిపించినదాన్ని కనిపించినట్టు నమ్మితే చాలు. డగ్ ఫ్లూటీ విషయంలో అడ్డొచ్చింది ఎత్తు. 5 అడుగుల 10 అంగుళాలవాడు, 1984లో అమెరికా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ విజేత. ఈ వెడల్పు మైదానంలో పక్కకి పరుగెత్తుతూ విసిరి, ఆరుసార్లు ఇక్కడ అత్యుత్తమ ఆటగాడయ్యాడు.

హైస్‌మన్ ఉంటే చాలు అనుకునేవాళ్ల కోసం జానీ మాన్‌జీల్ ఉన్నాడు. 2012 విజేత. 2018లో హామిల్టన్‌కి వచ్చాడు, లీగ్ ఆటల్లో అక్కడ ఒక్కసారి కూడా మైదానంలోకి దిగకుండానే మాంట్రియల్‌కి మారాడు. మాంట్రియల్ తరఫున మొదటి ఆట ఆ హామిల్టన్ మీదే. నాలుగు బంతులు ఎదుటివాళ్ల చేతుల్లో పెట్టాడు. 2019 ఫిబ్రవరిలో లీగే తలుపు మూసింది. టికెట్లు అమ్మడానికి పేరు తెచ్చుకోవడం వేరు, మనిషిని తెచ్చుకోవడం వేరు.

మాన్‌జీల్ హామిల్టన్‌కే ఎందుకు వచ్చాడంటే అతని హక్కులు వాళ్ల దగ్గర ఉన్నాయి. దీన్ని నెగోషియేషన్ లిస్ట్ అంటారు, చాలామంది అభిమానులకి కూడా తెలియని సంగతి. లీగ్‌లోని తొమ్మిది జట్లలో ప్రతిదానికీ 45 పేర్ల జాబితా ఉంటుంది. అమెరికా ఆటగాడి పేరు ముందెవరు రాసుకుంటే వాళ్లదే హక్కు. ఆ కుర్రాడికి పైసా ఇవ్వక్కర్లేదు, చాలాసార్లు అతనికి తన పేరు ఉందన్న సంగతే తెలియదు. కుర్రాడు కాలేజీలో ఇంకా డిగ్రీ చదువుతుండగానే కెనడాలో రెజైనా జట్టు దగ్గర ఎవరో అతని పేరు రాసుకుని ఉంటారు. 45 అంటే ఎక్కువగా వినిపిస్తుంది కానీ, అమెరికాలో పెద్ద స్థాయి కాలేజీ జట్లే 130కి పైగా ఉన్నాయి. ఒక పేరు రాయాలంటే ఇంకొకటి కొట్టేయాలి.

అందుకే ఇక్కడ స్కౌట్ వేసుకునే అసలు ప్రశ్న "వీడు ఎంత మంచివాడు?" కాదు, "వీడు ఎప్పుడు దొరుకుతాడు?" మరీ మంచివాడైతే ఎన్‌ఎఫ్‌ఎల్ వదలదు, మన జాబితాలో ఆ చోటు వృథా. ఏటా ఆగస్టు చివర ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు 53 మందికి తగ్గించుకుంటాయి, వందల మంది రోడ్డున పడతారు. ఒకప్పుడు మనకది పండగ. ఇప్పుడు అక్కడి ప్రాక్టీస్ స్క్వాడ్‌లు, అంటే జీతంతో సాధన చేస్తూ ఎదురుచూసే అదనపు ఆటగాళ్ల జాబితాలు, 16 మందికి పెరిగాయి, 2024 నుంచి వసంతంలో యూఎఫ్‌ఎల్ అనే ఇంకో లీగ్ నడుస్తోంది, కాలేజీల్లోనే కుర్రాళ్లకి డబ్బు వస్తోంది. ఎదురుచూడటానికి వాళ్లకి కారణాలు పెరిగాయి. రెండేళ్లు ఎదురుచూసి విసిగినవాడి ఫోన్ నంబర్, నిన్న విడుదలైన స్టార్ నంబర్ కంటే విలువైనదని నా అభిప్రాయం.

ఇంతసేపూ అమెరికా కుర్రాళ్ల గురించే చెప్పాను. లీగ్‌లో గెలుపోటముల్ని ఎక్కువసార్లు తేల్చేది మాత్రం కెనడా కుర్రాళ్లే. ఐపీఎల్ చూసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. పదకొండు మందిలో విదేశీయులు నలుగురికి మించకూడదు కాబట్టి, ఓ మోస్తరు దేశీ పేసర్‌కి వేలంలో కోట్లు పలుకుతాయి. ఇక్కడ కూడా దాడికి 12, రక్షణకి 12, మొత్తం 24 మంది ప్రారంభ ఆటగాళ్లలో కనీసం ఏడుగురు కెనడియన్లు ఉండాలి. అమెరికా రిసీవర్ గాయపడితే ఫ్లోరిడా నుంచి మరొకణ్ణి విమానం ఎక్కిస్తారు. దాడి వరసలో నిలబడే కెనడా టాకిల్ గాయపడితే ఎక్కడి నుంచి తెస్తారు? ఇక్కడ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్లు 27 మాత్రమే. అందుకే చాలా జట్లు దాడి వరసలోని పెద్ద శరీరాల దగ్గరే కెనడియన్లని నింపుకుంటాయి. ఎనిమిది రౌండ్ల డ్రాఫ్ట్ వాళ్లకోసమే.

ఈ డ్రాఫ్ట్‌లో స్కౌట్‌కి దొరికే చూపు చాలా అసమానం. క్యూబెక్‌లోని లావాల్ విశ్వవిద్యాలయం లాంటి బలమైన జట్టు ఆడే ఆట ఒక స్థాయి, బలహీన జట్టు మీద 60 పాయింట్లు వేసిన ఆట ఇంకో స్థాయి. అలాంటి రోజు టాకిల్ ఎదుటివాణ్ణి పడేస్తే ఏం తెలుస్తుంది? అందుకే డ్రాఫ్ట్ ముందు జరిపే కంబైన్ అనే పరీక్షల్లో బెంచ్ ప్రెస్ లెక్కలకంటే ప్యాడ్లు కట్టుకుని ఒకరితో ఒకరు తలపడే గంటనే నేను నమ్ముతాను. మొదటిసారి ఓడినవాడు రెండోసారి కాళ్లు ఎక్కడ పెట్టాడో చూస్తాను.

పుట్టుకని, తల్లిదండ్రుల్ని ఆరా తీయడం కూడా ఇక్కడ స్కౌటింగే. అలెక్స్ సింగిల్టన్ మోంటానా స్టేట్‌లో ఆడిన అమెరికా లైన్‌బ్యాకర్. తల్లి కెనడాలో పుట్టింది కాబట్టి పౌరసత్వం వచ్చింది, 2016 డ్రాఫ్ట్‌లో కాల్గరీ ఆరో ఎంపికగా తీసుకుంది. 2017లో లీగ్ అత్యుత్తమ రక్షణ ఆటగాడు, తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్. బ్రాంప్టన్‌లో పెరుగుతున్న మన తెలుగు పిల్లలూ ఈ లెక్కలో కెనడియన్లే. వాళ్ల అమ్మానాన్నలు 300 పౌండ్లకి ఒప్పుకుంటారా అన్నది వేరే సంగతి.

బ్రాడ్ సినోపోలీ ఒటావా విశ్వవిద్యాలయం క్వార్టర్‌బ్యాక్. 2010లో దేశంలో ఉత్తమ విశ్వవిద్యాలయ ఆటగాడికిచ్చే హెక్ క్రైటన్ ట్రోఫీ అతనిదే. కానీ కెనడా క్వార్టర్‌బ్యాక్ అప్పటికి కోటాలో లెక్కకి రాడు. అతణ్ణి రిసీవర్‌గా మార్చారు, రెండుసార్లు లీగ్‌లో ఉత్తమ కెనడియన్ అయ్యాడు. ఆ మార్పు అతనికి మేలే చేసింది, కానీ ఒక నియమం కారణంగా ఎంతమంది క్వార్టర్‌బ్యాక్‌లని మనం చూడకుండానే పోగొట్టుకున్నామో అని నాకు అనుమానం. నియమం మారాక నేథన్ రూర్క్ వచ్చాడు. విక్టోరియాలో పుట్టి, ఒహాయో విశ్వవిద్యాలయంలో ఆడినవాడు. 2020లో బీసీ లయన్స్ రెండో రౌండ్‌లో తీసుకున్నారు.

చివరగా, పాత నోట్సు కొంత చించేయాల్సి రావచ్చు. 2025 సెప్టెంబరులో లీగ్ పెద్ద మార్పులు ప్రకటించింది. 2027 నుంచి మైదానం పొడవు 110 గజాల నుంచి 100కి, పాయింట్లు వచ్చే చివరి భాగాలైన ఎండ్ జోన్లు 20 నుంచి 15కి తగ్గుతాయి, గోల్‌పోస్టులు ఎండ్ జోన్ వెనక్కి వెళ్తాయి. గోల్‌పోస్టులు దారిలో లేకపోతే ఎండ్ జోన్ మధ్యలో బంతి అందుకునే పొడుగాటి రిసీవర్ ధర పెరుగుతుంది. గోల్‌పోస్టుల మధ్యకి బంతి తన్నే కిక్కర్‌కి ప్రతి ఫీల్డ్ గోల్ 15 గజాలు దూరమవుతుంది కాబట్టి, కాలు బలం చూసేవాళ్లకి పని పెరుగుతుంది. వెడల్పు మాత్రం 65 గజాలే. డౌన్లు మూడే, మనుషులు 12 మందే, వాగుల్ ఉంటుంది. రిసీవర్లు, లైన్‌బ్యాకర్ల మీద నేను రాసుకున్న పుస్తకాలు అలాగే ఉంచుతున్నాను. కిక్కర్ల పుస్తకం మాత్రం కొత్తది కొన్నాను.

ఇక ప్రశ్నలు అడగండి. ఏ జట్టు జాబితాలో ఎవరున్నారని మాత్రం అడక్కండి, అది వాళ్లు నాకూ చెప్పరు.