క్రూడ్ రేటు, బ్యాంకు కాగితం, మన తోతాపురి

అందరికీ నమస్కారం. క్రూడ్, అంటే ముడి చమురు, రేటు పెరిగితే మన ఎగుమతులకి ఎంత దెబ్బ, బ్యాంకులు పడిపోతే ఎంత దెబ్బ, ఇదీ ఈరోజు మాట. థియరీ అంతా మీ సార్లు చెప్తారు, నేను మన చిత్తూరు పల్ప్ ఫ్యాక్టరీల కాడినుంచి మొదలుపెడతా. మామిడి సీజన్‌లో దామలచెరువు, బంగారుపాళ్యం దారుల్లో తోతాపురి ట్రాక్టర్లు క్యూ కట్టుంటాయి గదా, ఆ గుజ్జే డ్రమ్ముల్లో చెన్నై పోర్టుకు పోయి అక్కడినుంచి గల్ఫ్‌కో యూరప్‌కో పోతుంది.

క్రూడ్ రేటు పెరిగితే లారీ బాడుగ, షిప్పు బాడుగ, డ్రమ్ములో పెట్టే ప్లాస్టిక్ బ్యాగు అన్నీ పెరుగుతాయి. దెబ్బే, కానీ సరుకు ఆగిపోదు. ఎందుకంటే ఆయిల్‌కి మనం కట్టిన డబ్బు గల్ఫ్ వాళ్ల చేతికి పోయి, వాళ్లు దాంతోనే మన జ్యూస్ కొంటారు, బిల్డింగులు కడతారు, మన పీలేరు, రాయచోటి పిల్లోళ్లని పనికి పిలుస్తారు.

బ్యాంకులు పడిపోతే కథ వేరే. 2008 జులైలో బ్యారెల్ 147 డాలర్లు తాకింది, అప్పుడూ షిప్పులు తిరిగినాయి. సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా, డిసెంబర్‌కి ఆయిల్ 40 కిందికి దిగింది. చవకైంది, వ్యాపారం పెరగాల గదా? కుప్పకూలింది. 2009లో ప్రపంచ వాణిజ్యం సుమారు 12 శాతం పడిందని ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవో లెక్క.

ఒక కారణం, జనాలు కార్లు, మిషన్లు కొనడం వాయిదా వేసుకున్నారు, ఆ కారు విడిభాగాలేమో నాలుగు దేశాలు దాటొస్తాయి, కాబట్టి ఒక్క కారు ఆగితే నాలుగు ఎగుమతులు ఆగినట్టు. ఇంకోటి ఎల్సీ, అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్. షిప్పు కాగితాలు చూపిస్తే డబ్బులిస్తామని కొనేవాడి బ్యాంకు మన బ్యాంకుకి రాసిచ్చే మాట అది. దాన్ని చూపించే ఫ్యాక్టరీవాళ్లు కాయలు కొనడానికి అప్పు తెచ్చుకుంటారు. అవతలి బ్యాంకు రేపు ఉంటుందో ఉండదో అని డౌటొస్తే ఆ కాగితానికి విలువేముంది? రూపాయి డాలర్‌కి 40 నుంచి 50కి పడింది, ఎక్స్‌పోర్టర్‌కి పండగే అని పుస్తకాల్లో రాస్తారు గానీ, ఆర్డరే లేనోడికి పండగెక్కడిదబ్బా!

1990లో ఆయిల్ దెబ్బ, అప్పుల దెబ్బ రెండూ ఒకేసారి మనమీద పడినాయి. ఆగస్టులో ఇరాక్ కువైట్‌లో దిగింది, ఆయిల్ రేటు రెట్టింపైంది, కువైట్ నుంచి మనవాళ్లు పంపే డబ్బులు నిలిచిపోయినాయి, బయటి బ్యాంకులు అప్పు పుట్టనీలేదు, ఎన్నారైలు డిపాజిట్లు తీసుకున్నారు. 1991 నాటికి దేశం దగ్గర డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోయేంత మిగిలితే, 47 టన్నుల బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టి, జులైలో రూపాయి విలువ తగ్గించినారు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా. పెట్రోల్ తగ్గితే మనకి సంతోషం. 2014 జూన్‌లో 115 డాలర్లున్న బ్యారెల్ 2016 జనవరికి 30 కిందికొచ్చింది. సౌదీ ఖర్చులు తగ్గించుకుంది, అక్కడి కంపెనీల్లో వేలమంది మనవాళ్లకి జీతాలే అందలేదు, 2015-16లో మన దేశం ఎగుమతులు దాదాపు 15 శాతం పడినాయి. అదంతా ఆయిల్ వల్లే అననుగానీ, కొనేవాడి జేబు కూడా ఆయిల్‌తోనే నిండేదని మర్చిపోతాం మనం. సరే, డౌట్లుంటే అడగండి, ఆ మైకు కాస్త వెనక్కి పంపండి.