ఆవకాయ సీజన్‌కు ఈ సర్వర్ ఆగుతుందా? మూడు నెలలు వాడాక నా మాట

నమస్తే అండి, బెజవాడ నుంచి మళ్లీ నేనే. ముందే చెప్పేస్తా, వెబ్‌సైట్లు నడిపే ఈ సర్వర్‌ను కంపెనీ వాళ్లే మూడు నెలలు ఉచితంగా ఇచ్చారు. స్పెక్స్ అంటారా, 2 జీబీ ర్యామ్, వగైరా. నేను ఒప్పుకుంది మాత్రం ఒక్క ఫీచర్ కోసం. వెయిటింగ్ రూమ్, అంటే రద్దీ ఎక్కువైతే జనాన్ని క్యూలో ఆపేది.

గుంటూరు బ్రాడీపేటలో మా వదిన పచ్చళ్లు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. పోయిన వేసవిలో ఎవరో ఆవిడ ఆవకాయ మీద రీల్ చేశారు. ఆదివారం రాత్రి సైట్ పడిపోయింది. "ఏమయ్యా, తెల్ల పేజీ వస్తోందంట" అని వదిన ఒకటే టెన్షన్. అప్పుడు సైట్ నడిపే సాఫ్ట్‌వేర్ అపాచీ, అదీ ప్రీఫోర్క్ అనే పద్ధతిలో. ఒక్కో రిక్వెస్టుకు ఒక్కో ప్రాసెస్, పరిమితి మామూలుగా 256. మా సైట్ కట్టింది వర్డ్‌ప్రెస్‌తో, దానికి ఒక్కో ప్రాసెసూ 50 ఎంబీ దాకా తినేది. 2 జీబీలో 40 పట్టడమే గగనం, డేటాబేస్‌కూ చోటు కావాలిగా. అంతకు మించి రానిస్తే స్వాప్ (ర్యామ్ చాలక నెమ్మదైన డిస్క్‌ను వాడటం) మొదలై, లోపలున్న వాళ్లకూ పేజీ రాదు. ఆ రాత్రి పరిమితిని 25కి దించాకే సైట్ లేచింది.

దసరాల్లో మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి చూశారుగా? అందర్నీ ఒకేసారి కొండెక్కనివ్వరు. క్యూలో ఆపి విడతలుగా వదులుతారు. ఈ వెయిటింగ్ రూమ్ పనీ అదే. పోయిన ఆదివారం ఆఫర్ పెట్టి, నేనూ కొనేవాడిలా ఫోన్‌లో నిలబడ్డా. "మీ ముందు 63 మంది" అని వచ్చి, ఆ నంబర్ తగ్గుతూ ఉంటే భలే ముచ్చటేసింది.

ఇక నా మంట. అరకిలో గోంగూర కార్ట్‌లో వేసి, అడ్రస్ కొట్టి, యూపీఐ యాప్‌లోకి వెళ్లి వెనక్కి వచ్చేసరికి "మీ ముందు 41 మంది"! గర్భగుడి గడప దాకా వెళ్లినవాణ్ణి మళ్లీ కొండ కిందికి నెట్టినట్టు. నా వంతు వచ్చిందని ఫోన్‌లో గుర్తుపెట్టే కుకీ రెండు నిమిషాలకే చచ్చిపోతోంది. మార్చుకుందామంటే సెట్టింగే లేదు. సపోర్ట్‌ను అడిగితే, అది అలాగే ఉండాలట! పైగా ఆ వెయిటింగ్ పేజీని 503 ("ఇప్పుడు కుదరదు, తర్వాత రండి") కోడ్‌తో పంపకుండా 200 ("అంతా సరే, పేజీ ఇదే") కోడ్‌తో పంపుతున్నారు. గూగుల్ వచ్చి చూస్తే "దయచేసి వేచి ఉండండి" అన్నదే వదిన సైట్ అనుకోదూ?

అందుకే సైట్‌ను, నాకు పాత అలవాటైన ఎన్జిన్‌ఎక్స్ (ముందు నిలబడి రిక్వెస్టులు అందుకునే సర్వర్ సాఫ్ట్‌వేర్) వెనకాల పెట్టేశా. 2004 నుంచీ ఉన్నదే, ఉచితం. పచ్చళ్ల పేజీ కాపీని 10 సెకన్లు కాష్‌లో దాచి, కాష్ లాక్ (ఒకరి కోసం పేజీ తయారవుతుంటే మిగతావాళ్లను ఆ కాపీ కోసం ఆపే సెట్టింగ్) ఆన్ చేస్తే, ఆ 10 సెకన్లలో వెయ్యి మంది వచ్చినా పేజీ తయారుచేసే పీహెచ్‌పీకి ఒక్కసారే పని. ముచ్చటైన నంబర్లుండవు, కానీ డబ్బు కట్టేవాణ్ణి బయటికి గెంటదు.

వార్తల సైటైతే ఈ సర్వర్ తీసుకోండి, స్పీడ్‌కు వంక పెట్టలేం. ఆర్డర్లు తీసుకునేవాళ్లు మాత్రం ఆ కుకీ సంగతి తేలేదాకా దీని జోలికి పోకండి. వదిన అప్పుడే మామిడికాయలకు అడ్వాన్స్ ఇచ్చేసింది. ఈలోగా వాళ్లు సరిచేస్తే మళ్లీ వీడియో పెడతా.